తోలు తిన్న నీలం

ఆడుగోడి ఆయుధశాలలో పొద్దున కూడా ట్యూబ్‌లైటే.
కిటికీలకు ఇనుపరేకు కొట్టి చాలా ఏళ్లయింది.
బల్ల మీద పాత దుప్పటి, దాని మీద
అరవైనాలుగు రివాల్వర్లు, చేపలంగట్లో పరిచినట్టు
తలలన్నీ గోడవైపు.

రిజిస్టరు నాగవేణి దగ్గరుంది.
ముళబాగిలు పిల్ల, నాతో తెలుగే మాట్లాడుతుంది.
మూడు గడులు గీసింది:
పనికొస్తుంది, బాగుచెయ్యాలి, కొలిమికి.
"నాలుగో గడి లేదా సార్?"
దేనికమ్మా, అన్నాను.
జవాబు చెప్పకుండా పెన్ను మూత కొరికింది.

ఖాళీయా కాదా, ముందు చూడు.
ఇరవై ఏడేళ్లుగా ఇదే మాట.
ఖాళీ అని తెలిసినదాన్నీ తెరిచి చూడాలి,
వేలు పెట్టి చూడాలి.
ఇంట్లో గ్యాసు కట్టానా లేదా అని
మూడుసార్లు లేస్తానని మా ఆవిడ గొణుగుడు.

తర్వాత పైచర్మం.
గొట్టం అంచున నీలం పోయి ఇనుము తెల్లగా తేలింది.
తోలు సంచి తిన్న నీలం అది,
పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద.
పిడి చెక్కకు ఎడమవైపే సొట్టలు:
జీపు తలుపు, స్టేషను కుర్చీ చెయ్యి,
గణేశుడి ఊరేగింపులో ఎవరి మోచెయ్యో.
పట్టీ తగిలించే రింగు సగానికి సగం అరిగింది.

ఇక లోపల.
వెనక తెల్లకాగితం ముక్క ఆనించి
గొట్టంలోకి ఒక కన్ను పెడతాను.
చారలు మెలికలు తిరిగి మెరుస్తున్నాయి,
నిన్ననే కోసినట్టు.
నలభై ఏళ్లు మోసినవే, పేల్చినవి కావు.
నన్నడిగితే మా డిపార్ట్‌మెంటు కథంతా ఇంతే:
నడుము అరిగింది, నోరు అరగలేదు.

పంతొమ్మిదో దాని స్క్రూ గాడిలో ఎర్రగా ఏదో.
"తుప్పని రాసేదా?"
గోటితో గీకి వాసన చూశాను. కుంకుమ.
ఏ ఏటి ఆయుధపూజదో,
ఎవరు బూడిదగుమ్మడికాయ కొట్టి దిష్టి తీశారో.
రాయొద్దులే, అన్నాను.

ఇరవై ఆరుకు గుండ్ల చక్రం
ఊడబోయే పాలపన్నులా ఊగుతోంది.
ముప్పైమూడుది ఇంకో జబ్బు:
సుత్తి ఎత్తితే టక్కుమనాలి కదా,
ఇది టక్కుమనే ముందు కొంచెం ఆలోచిస్తుంది.
మనిషైతే ప్రమోషన్ ఇవ్వొచ్చు.
తుపాకీ కాబట్టి రెండో గడి.

నలభై ఒకటి.
ఆరు గదుల్లో ఒక్కదానికే నల్లటి వలయం.
నంబరు చూడకుండానే చెయ్యి గుర్తుపట్టింది.

రుద్రమూర్తి ఎ.ఎస్.ఐ. వాన రాత్రి.
కౌంటరు కిటికీలోంచి లోపలికి తోశాడు,
ఐదు గుండ్లూ ఒక ఖాళీ తొడుగూ విడిగా పెట్టి.
రసీదు రాసిచ్చాను. సంతకం వంకరగా పెట్టి
దాహమేస్తోందన్నాడు. నా సీసా ఇచ్చాను,
సగం తాగి మూత పెట్టకుండా వెళ్లిపోయాడు.
ఆ గుండు ఎవరికి తగిలిందో, ఒట్టి గాలికే తగిలిందో
కౌంటరు కిటికీకి ఆ వివరాలు రావు.

వచ్చిన రాత్రే కడగాలి. అది రూలు, అది నా పని.
కొత్త ఉద్యోగం, వాసన ఇంకా వెచ్చగా ఉంది,
రేపు చూద్దామని బీరువాలో పెట్టాను.
మూడు రేపులు పట్టింది.
పొగ ఇనుమును అంతలోనే కొరికేసింది.
తర్వాత ఎన్ని బ్రష్షులు, ఎంత నూనె!
ఇన్నేళ్లూ తనిఖీకి వచ్చిన ప్రతి ఆఫీసరూ
ఆ మచ్చ చూసి రుద్రమూర్తి పేరు అడిగాడు.
నేను ప్రతిసారీ రుద్రమూర్తి పేరే చెప్పాను.

"ఏ గడి సార్?"

కొలిమికి, అన్నాను.
అని, గుడ్డ పేలిక నూనెలో ముంచి
ఆ ఒక్క గదినే రుద్దుతూ కూర్చున్నాను.
"కరిగించేదానికి నూనె ఎందుకు?" అంది,
అడిగి, తనే తల వంచి రాసుకుంది.
బయట కోరమంగల బస్సు హారన్ కొడుతోంది.
క్యాంటీన్‌లో ముద్ద అయిపోయే వేళయింది.

నలభై రెండు తియ్యి.
ఖాళీయా కాదా, ముందు చూడు.